పాత స్పోర్ట్స్ కారు ఏసీకి గ్యాస్ నింపడం ఎలా

రొయ్యలు కలిసొచ్చిన ఏడాది మా బావ హైదరాబాద్ వెళ్ళి 1986 మోడల్ పోర్షే 944 కొనుక్కొచ్చాడు. ఎర్ర రంగు, లేచి పడుకునే హెడ్‌లైట్లు, వెనకంతా ఒకటే పెద్ద అద్దం. ఆ అద్దం జర్మనీ ఎండకి బాగుంటుందేమో గానీ ఆకివీడు ఎండకి కాదు. రోహిణి కార్తెలో చెరువు గట్టు మీద పావుగంట ఆపి మళ్ళీ ఎక్కితే సీటు బెల్టు ఇనుము తగిలి చేయి చురుక్కుమంటుంది. ఏసీ వేస్తే మొహం మీదకి వేడి గాలి.

"గ్యాస్ కొట్టేస్తే అయిపోద్ది కదా బావా" అన్నాడు. అప్పటికే రెండు చోట్ల కొట్టించాడు. రెండోసారి కొట్టించాక పాలకొల్లులో బయల్దేరినప్పుడు చల్లగానే వచ్చిందట. చించినాడ వంతెన ఎక్కేసరికి ఆగిపోయింది. రాజోలులో టీ తాగి పావుగంట తర్వాత స్విచ్ వేస్తే మళ్ళీ చల్లగా ఉంది. అమలాపురం చేరేలోపు మళ్ళీ వేడి. "దయ్యం పట్టింది దీనికి" అన్నాడు. దయ్యం కాదు, నీళ్ళు. ఆ సంగతి ముందు ముందు చెబుతాను.

నాది కారు ఏసీ పని. గ్యాస్ నింపడం ఈ మొత్తం పనిలో ఆఖరి ఇరవై నిమిషాలు. దానికి ముందు ఒక రోజు, ఒక్కోసారి రోజున్నర, లీకు వెతకడానికీ లోపలి తడి తీయడానికీ పోతుంది. ఆ రోజు ఎగ్గొట్టేవాళ్ళే ఏటా వేసవికి నా దగ్గరకొస్తారు. మీ దగ్గర 1995కి ముందు తయారైన ఏ స్పోర్ట్స్ కారున్నా, పద్ధతి దాదాపు ఇదే.

ఒత్తిడి చూపే గేజ్ పెట్టకముందు

ముందు బ్లోయర్ నాలుగు స్పీడుల్లోనూ తిరుగుతోందా చూడండి. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, మరొకర్ని ఏసీ స్విచ్ నొక్కమని, మీరు బానెట్ దగ్గర నిలబడి వినండి. గ్యాస్‌ని నొక్కి తిప్పే కంప్రెసర్‌ని ఇంజిన్‌కి కలిపే క్లచ్ పట్టుకుంటే 'టక్' మని శబ్దం వస్తుంది, ముందున్న పళ్ళెం తిరగడం మొదలవుతుంది. ఆ చప్పుడు రాకపోతే గ్యాస్ తక్కువై ప్రెషర్ స్విచ్ ఆపుతూ ఉండొచ్చు, ఫ్యూజో రిలేనో పోయి ఉండొచ్చు, క్లచ్ అరిగి సందు పెరిగి ఉండొచ్చు. ఆ సందు మామూలుగా అర మిల్లీమీటరు దరిదాపుల్లో ఉండాలి. చేతులు, తువ్వాలు రేడియేటర్ ఫ్యాన్‌కి దూరంగా పెట్టండి. పాత కార్లలో ఆ ఫ్యాన్ చెప్పాపెట్టకుండా తిరుగుతుంది.

పాత యూరప్ కార్లలో ఇంకో మోసం ఉంది. హీటర్‌కి వేడి నీళ్ళు వెళ్ళే దారిలో ఉండే వాల్వ్ ఏళ్ళు గడిచాక పూర్తిగా మూసుకోదు. ఏసీ ఎంత చల్లబరిచినా ఆ పక్కనే హీటర్ వేడి చేస్తూ ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక హీటర్‌లోకి వెళ్ళే రబ్బరు పైపులు రెండింటినీ గుడ్డతో పట్టుకుని చూడండి. హీటర్ ఆఫ్‌లో ఉన్నా రెండూ కాలుతుంటే ఆ వాల్వ్ మార్చండి. మా దగ్గరికి 'గ్యాస్ అయిపోయింది' అని వచ్చిన కార్లలో ఈ ఒక్క వాల్వ్ మార్చి పంపినవీ ఉన్నాయి.

ఇక ముందు జాలీలోంచి కండెన్సర్ చూడండి, అంటే గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే, రేడియేటర్ లాంటి భాగం. మన దగ్గర అది శుభ్రంగా ఉండటం అరుదు. కోనసీమ వైపు తిరిగే కారైతే కొబ్బరి పీచు ధూళి, కోతల రోజుల్లో వరి నూగు, రాత్రి కాలువ గట్ల మీద తిరిగితే పురుగులు, అన్నీ కలిసి దాని సన్నటి రేకుల మధ్య ఫెల్ట్ గుడ్డలా పేరుకుంటాయి. ఇంజిన్ వైపు నుంచి బయటికి, తక్కువ ఒత్తిడితో నీళ్ళు కొట్టండి. సర్వీసింగ్ గన్‌తో దగ్గర నుంచి కొడితే రేకులు పడుకుంటాయి, అప్పుడు అసలే గాలి వెళ్ళదు. అంతర్వేది, నరసాపురం లాంటి చోట్ల ఉండే కారైతే ఉప్పు గాలికి అల్యూమినియం తెల్లగా పొడిపొడిగా రాలుతోందేమో వేలితో గీకి చూడండి. అలా రాలుతుంటే ఆ కండెన్సర్‌కి గ్యాస్ నింపడం దండగ.

ఏ గ్యాస్ ఉంది, ఏ గ్యాస్ పోయాలి

ఆ కాలపు కార్లు దాదాపు అన్నీ ఆర్12 గ్యాస్‌తో వచ్చాయి. ఓజోన్ పొరని తినేస్తుందని 1987లో మాంట్రియల్ ఒప్పందం అయింది, మన దేశం 1992లో అందులో చేరింది. ఏసీల కోసం ఆర్12 తయారీ ఇక్కడ 2008లోనే ఆగిపోయింది. ఇప్పుడెవరైనా "ఒరిజినల్ ఆర్12 ఉందండి" అంటే లోపల ఏముందో దేవుడికే తెలియాలి. కాబట్టి మనం ఆర్134ఎకి మారుస్తున్నాం. 1990ల నుంచి కార్లలో వచ్చింది అదే.

బానెట్ కింద స్టిక్కర్ ఉంటే గ్యాస్ పేరు, గ్రాములు, ఆయిల్ ఎంతో రాసి ఉంటుంది. ఫోటో తీసుకోండి. స్టిక్కర్ పోయి ఉంటే ఆ మోడల్ వర్క్‌షాప్ మాన్యువల్ వెతకండి, అంచనాతో మొదలుపెట్టొద్దు. గ్యాస్ ఎక్కించే మూతులు చూసినా తెలుస్తుంది. మర చుట్టి ఉండి, నట్టు బిగించేలా ఉంటే ఆర్12 కాలపువి. నొక్కితే పట్టేసే నున్నటి మూతులైతే ఎవరో అప్పటికే 134ఎకి మార్చారన్నమాట. వాటిలో లో సైడ్‌ది (తక్కువ ఒత్తిడి వైపు) 13 మిల్లీమీటర్లు, హై సైడ్‌ది (ఎక్కువ ఒత్తిడి వైపు) 16, కాబట్టి తారుమారు చేద్దామన్నా కుదరదు.

రెండు గ్యాసులూ కలపకూడదు. ఇంటి ఏసీ మెకానిక్ స్నేహితుడు ప్రేమతో తెచ్చే ఆర్22 అసలు వద్దు, దాని ప్రెషర్ ఎక్కువ. సిలిండర్‌లోంచి వంట గ్యాస్ కలిపి కొట్టేవాళ్ళున్నారు, చల్లగానే వస్తుంది కూడా. కానీ డాష్‌బోర్డు వెనక కూలింగ్ కాయిల్ ఎప్పుడైనా కారితే మూసిన కారులో మీ మొహం ముందు వంట గ్యాస్ నిండుతుంది. ఇంకా ప్రమాదకరమైనది నకిలీ 134ఎ. అందులో ఆర్40 అనే గ్యాస్ కలిపితే అది అల్యూమినియంతో కలిసి పేలే పదార్థం తయారవుతుంది. సీలున్న డబ్బా, బిల్లు ఇచ్చే దుకాణం, తెలిసిన కంపెనీ. మన దేశంలోనే తయారయ్యే ఫ్లోరాన్ 134ఎ రాజమండ్రి, భీమవరం స్పేర్ పార్టుల షాపుల్లో దొరుకుతుంది.

లోపల మిగిలిన పాత గ్యాస్‌ని వాల్వ్ నొక్కి గాల్లోకి 'సుయ్' మని వదిలేయొద్దు. రికవరీ మెషిన్ ఉన్న షాపుకి తీసుకెళ్ళి సిలిండర్‌లోకి లాగించండి. ఓజోన్ సంగతి అలా ఉంచితే, ఆ గ్యాస్ గాలికన్నా బరువు, మెకానిక్ గుంటలో అడుగున నిలిచిపోతుంది. గుంటలో ఉన్నవాడికి ఊపిరాడదు. ఇంకా పక్కనెవరైనా బీడీ కాల్చుకుంటుంటే, నిప్పు తగిలిన ఆ గ్యాస్ విషమవుతుంది. పని జరిగే చోట బీడీ, సిగరెట్, వెల్డింగ్ ఏవీ వద్దు. కళ్ళద్దాలు, చేతికి గ్లవ్స్ తప్పనిసరి. ద్రవంగా ఉన్న 134ఎ మైనస్ 26 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చర్మం మీద పడిందంటే అక్కడి నీటిని అక్కడే గడ్డకట్టిస్తుంది.

లీకు వెతకడం

గ్యాస్ తనంతట తాను 'అయిపోదు'. పెట్రోలు కాదు కాలిపోవడానికి. తగ్గిందంటే ఎక్కడో కారుతోంది.

కారేచోట గ్యాస్‌తోపాటు లోపలి ఆయిల్ కూడా కొద్దికొద్దిగా వస్తుంది, దాని మీద దుమ్ము అంటుకుంటుంది. అందుకే ముందు టార్చ్ లైట్ పట్టుకుని పైపుల జాయింట్లన్నీ తిరగండి. బావ కారులో కండెన్సర్ కింది జాయింట్ దగ్గర, కొబ్బరి పీచు అంతా ఒక్కచోటే నల్లగా జిడ్డుగా ఉండలా అంటుకుని ఉంది. పక్కనున్న పీచంతా పొడిగా, ఎర్రగా ఉంది. ఆ నల్ల ఉండ గీకేసి చూస్తే జాయింటులోని రబ్బరు ఓరింగ్ బల్లపరుపుగా అయిపోయి, గోరు తగలగానే పెంకులా విరిగింది. నలభై ఏళ్ళ రబ్బరు మరి.

కంటికి కనిపించనివాటికి పొడి నైట్రోజన్ కావాలి. వెల్డింగ్ గ్యాసులు అమ్మేవాళ్ళ దగ్గర సిలిండర్ అద్దెకి ఇస్తారు. రెగ్యులేటర్ తప్పకుండా బిగించి, 150 పిఎస్ఐ వరకు మాత్రమే ఎక్కించండి. సిలిండర్ లోపల ఒత్తిడి 2000 పిఎస్ఐ పైన ఉంటుంది, రెగ్యులేటర్ లేకుండా కలిపితే కూలింగ్ కాయిల్ పగిలిపోతుంది.

మన ప్రాంతంలో ఈ మాట గట్టిగా చెప్పాలి: నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడొద్దు. రొయ్య పిల్లల్ని, చేప పిల్లల్ని సంచుల్లో ప్యాక్ చేయడానికి ప్రతి ఊళ్ళోనూ ఆక్సిజన్ సిలిండర్ ఉంటుంది. "షెడ్డులో ఒకటి ఉంది, తెప్పించమంటావా?" అని మా బావే అడిగాడు. ఆక్సిజన్ ఒత్తిడితో ఉండి ఏసీ ఆయిల్‌ని తాకితే నిప్పురవ్వ లేకుండానే పేలుతుంది. టైరు గాలి కంప్రెసర్ కూడా వద్దు, అది మన తడి గాలినే లోపలికి తోస్తుంది. ఐస్ ఫ్యాక్టరీ వాళ్ళ గేజ్ సెట్ అరువు తెచ్చుకోవడం కూడా కుదరదు. వాళ్ళది అమ్మోనియా. దాని లెక్కలు వేరు, ఆ గొట్టాల్లో మిగిలిన అమ్మోనియా మన రాగి, ఇత్తడి భాగాల్ని తినేస్తుంది.

నైట్రోజన్ నింపాక సబ్బు నీళ్ళ బదులు నేను కుంకుడుకాయ నురుగు వాడతాను. రెండు కాయలు నలిపి వేడి నీళ్ళలో నానబెట్టి, చిక్కగా నురుగు తీసి బ్రష్‌తో ప్రతి జాయింటుకీ పూయండి. డిటర్జెంట్ నురుగు చప్పున ఆరిపోతుంది, కుంకుడు నురుగు నిలబడుతుంది. పెద్ద లీకైతే బుడగలు లేస్తాయి. చిన్న లీకైతే ఆవగింజల్లాంటి తెల్లటి బుడగలు గుంపుగా, నెమ్మదిగా పుడతాయి, కాబట్టి పూసిన చోట కనీసం రెండు నిమిషాలు చూడండి. కంప్రెసర్ ముందు భాగంలో షాఫ్ట్ సీలు, సర్వీస్ మూతుల్లోపల ఉండే చిన్న పిన్ వాల్వులు మర్చిపోవద్దు. అన్నీ అయ్యాక సిలిండర్ తీసేసి గేజ్ ముల్లు ఎక్కడుందో గుర్తు పెట్టి ఒక పూట అలా వదిలేయండి. ఎండ తగ్గితే ముల్లు కొద్దిగా దిగడం మామూలే. అంతకన్నా దిగితే ఇంకా లీకు ఉన్నట్టే.

లీకు మూసే మందు కలిపిన డబ్బాలు అమ్ముతారు. కొనొద్దు. అవి లీకుతోపాటు, గ్యాస్‌ని సన్న బెజ్జంలోంచి వదిలే ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌ని, తర్వాత ఆ కారు ముట్టుకున్న ప్రతి మెకానిక్ గేజ్‌నీ మూసేస్తాయి.

మార్చాల్సినవి

జాయింట్లు విప్పిన ప్రతిచోటా ఓరింగ్ కొత్తది. 134ఎకి పనికొచ్చేవి సాధారణంగా ఆకుపచ్చగా ఉంటాయి. బిగించే ముందు కొత్త ఆయిల్‌లో ముంచండి, పొడిగా బిగిస్తే మెలితిరిగి కోసుకుపోతుంది.

ఆయిల్ విషయంలో చాలామంది తప్పు చేస్తారు. ఆర్12 కాలపు మినరల్ ఆయిల్ 134ఎతో కలవదు. గ్యాస్ తిరుగుతుంది గానీ ఆయిల్ తిరిగి కంప్రెసర్‌కి చేరదు. కొన్నాళ్ళకి కంప్రెసర్ పట్టేస్తుంది, పాత స్పోర్ట్స్ కారుకి కంప్రెసర్ దొరకడం అంటే మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి కంప్రెసర్ విప్పి తలకిందులు చేసి, షాఫ్ట్ చేత్తో తిప్పుతూ పాత ఆయిల్ గిన్నెలోకి పూర్తిగా వంచండి. రంగు చూడండి. తేనె రంగైతే మంచిది. నల్లగా, లోపల మెరిసే రజను ఉంటే కంప్రెసర్ లోపల అరుగుతోంది, మిగతా పని ఆపి ముందు దాని సంగతి చూడండి. మార్పిడికి నేను ఈస్టర్ ఆయిల్ వాడతాను. పాత మినరల్ ఆయిల్ కొద్దిగా మిగిలినా అది తట్టుకుంటుంది. కొత్త కార్లలో వాడే పిఎజి ఆయిల్ గాల్లోని తేమని పీల్చేస్తుంది. ఏ ఆయిలైనా చిన్న డబ్బా కొనండి. శ్రావణ మాసంలో సగం వాడి మూత పెట్టిన డబ్బా మళ్ళీ వేసవికి వాడొద్దు.

ఆర్12 కాలపు రబ్బరు పైపుల సంగతి అందరూ అడుగుతారు. 134ఎ అణువు చిన్నది, కాబట్టి ఆ రబ్బరులోంచి కొంచెం కొంచెం పోతుంది. పైపు బాగుంటే, ఏళ్ళ తరబడి ఆయిల్ నాని ఉంటే నేను ఉంచేస్తాను. వంచినప్పుడు పగుళ్ళు కనిపిస్తే మాత్రం లోపల నైలాన్ పొరున్న పైపు కట్టించండి, పాత చివర్లకే కొత్త పైపు క్రింప్ చేసి ఇస్తారు.

ఇక డ్రయర్. చిన్న డబ్బాలాంటిది, లోపల తేమని పీల్చే గింజలు. సిస్టమ్ తెరిస్తే ఇది కొత్తది వేయాల్సిందే, 134ఎకి సరిపోయేదే వేయాలి. దాని మూతులకున్న బిరడాలు అన్నిటికన్నా ఆఖర్న, వాక్యూమ్ పంప్ పక్కన రెడీగా ఉన్నాక మాత్రమే తీయండి. మన గాలిలో అది అరగంట తెరిచి ఉంటే చాలు, దాని కడుపు అక్కడే నిండిపోతుంది. నేను వాన పట్టిన రోజు డ్రయర్ బిగించను. కస్టమర్ ఎంత తొందర పెట్టినా సరే.

వాక్యూమ్

బావ కారుకి పట్టిన దయ్యం ఇక్కడ దొరుకుతుంది.

సిస్టమ్ లోపల గాలి ఉంటే అందులో తేమ ఉంటుంది. గ్యాస్ ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లోని సూది బెజ్జంలోంచి దూసుకొచ్చినప్పుడు అక్కడ సున్నా డిగ్రీలకన్నా కిందికి పోవచ్చు. నీటి చుక్క అక్కడికొచ్చి గడ్డకట్టి బెజ్జం మూసేస్తుంది. గ్యాస్ ఆగుతుంది, ఏసీ వేడవుతుంది. కాసేపు ఆపితే మంచు కరుగుతుంది, మళ్ళీ చల్లగా వస్తుంది. పాలకొల్లు నుంచి చించినాడ వరకు చల్లదనం, ఆ తర్వాత రాజోలు టీ, మళ్ళీ చల్లదనం. గ్యాస్ కొట్టినవాళ్ళు వాక్యూమ్ పెట్టలేదు, పెట్టినా ఐదు నిమిషాలు పెట్టి తీసేశారు. ఇంకో చెడు కూడా ఉంది. నీళ్ళు గ్యాస్‌తో, ఆయిల్‌తో కలిసి ఆమ్లమవుతుంది, లోపలి లోహాన్ని కొరుక్కుతింటుంది.

ఆ నీటిని తుడవలేం, మరిగించి ఆవిరి చేసి లాగేయాలి. ఒత్తిడి తగ్గితే నీళ్ళు మామూలు వేడిలోనే మరుగుతాయి. 30 డిగ్రీల రోజున లోపలి నీళ్ళు మరగాలంటే గేజ్ నీలం ముల్లు సున్నా కింద 29 అంగుళాల దాకా దిగాలి. 26 దగ్గర ఆగితే గాలి పోయినట్టే గానీ నీళ్ళు అక్కడే ఉంటాయి. పాత ఫ్రిజ్ కంప్రెసర్‌తో వాక్యూమ్ పెట్టేవాళ్ళకి జరిగేది ఇదే. రెండు స్టేజీల వాక్యూమ్ పంప్ వాడండి. దాని ఆయిల్ మజ్జిగలా తెల్లగా మారితే తేమ పట్టిందని అర్థం, మార్చేయండి.

ఎండలో పెట్టి చేస్తే మేలు, లోపలి నీళ్ళు తొందరగా మరుగుతాయి. గేజ్ సెట్ నీలం గొట్టం లో సైడ్‌కి, ఎర్రది హై సైడ్‌కి, పసుపుది పంపుకి. రెండు వాల్వులూ తెరిచి ముప్పావు గంట నడపండి. తర్వాత వాల్వులు మూసి, పంప్ ఆపి, పసుపు గొట్టం నైట్రోజన్‌కి మార్చండి. గొట్టంలోని గాలి పోయేలా నైట్రోజన్ ఒక్క క్షణం బయటికి వదిలి బిగించి, లోపలికి ఐదు పిఎస్ఐ దాకా పోయండి. పొడి నైట్రోజన్ మూలల్లో దాక్కున్న తేమని పట్టుకుంటుంది. దాన్ని వదిలేసి మళ్ళీ గంట వాక్యూమ్. మన డెల్టాలో నేను ఇలా రెండుసార్లు చేయకుండా ఏ పాత కారునీ పంపను.

ఆఖరికి వాల్వులు మూసి, పంప్ ఆపి, అరగంట ఆగండి. ముల్లు కదలకూడదు. ఆగకుండా పైకి పోతూనే ఉంటే లీకు. కొంచెం లేచి ఒకచోట ఆగిపోతే లోపల ఇంకా నీళ్ళు మరుగుతున్నాయి, పంప్ మళ్ళీ వేయండి.

గ్యాస్

134ఎ ఆర్12 అంత బరువు పట్టదు. స్టిక్కర్ మీద 1000 గ్రాముల ఆర్12 అని ఉందనుకోండి, 134ఎ దాదాపు 800 చాలు. ఇది గేజ్ చూసి కాదు, తూకం చూసి పోయాల్సింది. రొయ్యలు కొనేవాడు కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు) దగ్గర ఎంత కచ్చితంగా ఉంటాడో గ్రాముల దగ్గర మీరు అంత కచ్చితంగా ఉండండి. ఐదు గ్రాముల తేడా చూపించే డిజిటల్ కాటా చాలు.

సిలిండర్ కాటా మీద పెట్టి సున్నా చేయండి. పసుపు గొట్టాన్ని సిలిండర్‌కి బిగించి, గేజ్ వైపు నట్టు అర చుట్టు వదులు చేసి, ఒక్క క్షణం గ్యాస్ వదిలి బిగించండి. గొట్టంలో ఉన్న గాలి అలా బయటికి పోతుంది. ఇది మర్చిపోతే రెండు గంటల వాక్యూమ్ వృథా.

ఇంజిన్ ఆపి ఉండగానే సిలిండర్ తలకిందులు చేసి, ఎర్ర వాల్వ్ మాత్రమే తెరవండి. వాక్యూమ్ తనే లాక్కుంటుంది. 400 నుంచి 500 గ్రాములు వెళ్ళాక నెమ్మదిస్తుంది. ఎర్ర వాల్వ్ మూసేయండి. ఇక ఈ పని పూర్తయ్యేవరకు దాన్ని ముట్టుకోవద్దు. ఇంజిన్ తిరుగుతుండగా ఎర్ర వాల్వ్ తెరిస్తే 200 పిఎస్ఐ పైన ఉన్న ఒత్తిడి వెనక్కి గ్యాస్ డబ్బాలోకి వెళ్తుంది, డబ్బా చేతిలోనే పగులుతుంది.

ఐదు నిమిషాలు ఆగి, కంప్రెసర్ ముందు పళ్ళేన్ని చేత్తో పది చుట్లు తిప్పండి. లోపల ద్రవం చేరి ఉంటే దెబ్బ తగలకుండా కదిలిపోతుంది. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి 1500 ఆర్‌పిఎంలో పెట్టండి, ఏసీ ఫుల్, బ్లోయర్ ఫుల్, తలుపులు తెరిచి, బంపర్ ముందు ఇంట్లోని పెడెస్టల్ ఫ్యాన్ ఒకటి. ఇప్పుడు సిలిండర్ నిటారుగా, నీలం వాల్వ్ కొద్దికొద్దిగా తెరుస్తూ. నిటారుగా ఉంటే ఆవిరి వెళ్తుంది, తలకిందులైతే ద్రవం వెళ్ళి కంప్రెసర్‌ని కొడుతుంది. చిన్న డబ్బా చల్లబడి గ్యాస్ ఆగిపోతే గోరువెచ్చని నీళ్ళ గిన్నెలో పెట్టండి, చంటిపిల్లకి పోసే నీళ్ళంత వేడి చాలు. స్టవ్ మీద పెట్టినవాళ్ళనీ చూశాను, చెప్పడానికి బాగోదు.

650 గ్రాముల తర్వాత ఒక్కోసారి 30 గ్రాములే పోసి, మూసి, రెండు నిమిషాలు ఆగి చూడండి. లోపలి గ్యాస్ కనిపించే చిన్న గాజు కిటికీలో (సైట్ గ్లాస్) బుడగలు పూర్తిగా పోయేవరకు పోయడం ఆర్12 కాలపు అలవాటు. 134ఎతో అలా చేస్తే ఎక్కువైపోతుంది.

బయట 35 డిగ్రీలుంటే లో సైడ్ 35 నుంచి 45 పిఎస్ఐ, హై సైడ్ 220 నుంచి 260 మధ్య ఉంటే బాగున్నట్టు. మార్పిడి చేసిన కారుకి హై సైడ్ కొంచెం ఎక్కువే చూపిస్తుంది. 300 దాటితే ఏసీ ఆపేయండి. కండెన్సర్ మీద మగ్గుతో నీళ్ళు చల్లి చూడండి. వెంటనే ముల్లు పెద్దగా పడిపోతే గ్యాస్ తప్పు కాదు, కండెన్సర్‌కి గాలి చాలడం లేదు. పాత కార్ల కండెన్సర్లు ఆర్12కి కొలిచి పెట్టినవి, 134ఎకి ఇంకో ఫ్యాన్ కావాల్సి రావచ్చు. బావ కారుకి అదే చేశాం. రెండు ముళ్ళూ తక్కువుంటే గ్యాస్ తక్కువ. లో సైడ్ ఎక్కువ, హై సైడ్ తక్కువ ఉంటే కంప్రెసర్ అలిసిపోయింది. లో సైడ్ సున్నా కిందికి పోతే దారి మూసుకుంది, చెత్తతోనో మంచుతోనో.

మధ్య గ్రిల్‌లో థర్మామీటర్ పెట్టండి. మన గాలిలో తేమ ఎక్కువ, ఏసీ సగం బలం ఆ తేమని నీళ్ళుగా మార్చడానికే పోతుంది. అందుకే అనంతపురంలో 7 డిగ్రీలిచ్చే కారు ఇక్కడ 11 ఇస్తుంది. దానికి ఇంకాస్త గ్యాస్ పోయకండి. బయటి గాలి తీసుకునే తలుపు మూసి, లోపలి గాలినే తిప్పించండి, రెండు డిగ్రీలు దిగుతుంది.

గొట్టాలు తీసేముందు పాత మర మూతుల మీద 134ఎ అడాప్టర్లు బిగించి వదిలేయండి, రేపెవరూ వేరే గ్యాస్ ఎక్కించకుండా. బానెట్ కింద పాత స్టిక్కర్ పక్కన కొత్తది అంటించి గ్యాస్ పేరు, గ్రాములు, ఆయిల్ రకం, తేదీ రాయండి. బాల్ పెన్నుతో కాదు, చెరిగిపోని మార్కర్‌తో.

బావ మర్నాడే కుటుంబంతో అంతర్వేది బయల్దేరాడు. అదేం కుటుంబంతో వెళ్ళే కారు కాదు, వెనక సీటులో పిల్లలిద్దరూ కాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి. రాజోలు దాటాక ఫోన్. గొంతులో టెన్షన్.

"బావా, కారు కింద నీళ్ళు ధారగా కారుతున్నాయి. రేడియేటర్ పోయిందంటావా?"

"లోపల చల్లగా ఉందా?"

"పిల్ల దుప్పటి అడుగుతోంది."

"కింద కారిన నీళ్ళు ముట్టుకుని చూడు. జిడ్డుగా, రంగుగా ఉన్నాయా?"

కాసేపు ఆగి, "మామూలు నీళ్ళే. చల్లగా ఉన్నాయి" అన్నాడు.

"అది ఏసీ గాల్లోంచి తీసిన తేమే. ఆ నీళ్ళ పైపు ఎప్పుడైనా కారడం మానేస్తే అప్పుడు ఫోన్ చెయ్యి" అన్నాను.